పద్నాలుగు సీట్ల బండిలో బహ్రెయిన్

ఈ మధ్య మా మెట్‌పల్లి వైపు నుంచి ఇద్దరు వేర్వేరుగా నాకు ఫోన్ చేశారు. ఇద్దరికీ బహ్రెయిన్‌లో టూరిస్టు బండి నడిపే పని కుదిరింది. "అన్నా, పని ఎట్లుంటదే?" అని అడిగారు. ఎండాకాలం టైర్లలో గాలి ఎంత ఉంచాలో, లైసెన్సు పరీక్షలో మనవాళ్లు ఎక్కడ తప్పుతారో చెప్పాను. ఫోన్ పెట్టేశాక గాని తట్టలేదు, వాళ్లు అడిగింది అది కాదని. ఆ పని ఇరవై రెండేళ్లు చేశాను. వాళ్లకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

గొంతు పోయిన యజమాని

నేను బహ్రెయిన్‌కు వెళ్లింది సెంట్రింగ్ పనికి. మా ఊళ్లో వాళ్ల లెక్కలో మాత్రం నేను దుబాయికే వెళ్లాను. గల్ఫ్ అంతా వాళ్లకు దుబాయే. మూడేళ్లు చెక్కలు కొట్టాక డ్రైవింగ్ లైసెన్సు సంపాదించుకున్నాను. అబూ ఖలీల్ అనే బహ్రెయినీ పెద్దాయన దగ్గర పని దొరికింది. ఆయన ఒకప్పుడు టాక్సీ నడిపినవాడు. మూడు బండ్లు కొని, వచ్చిన విదేశీయులకు ద్వీపం చూపించే వ్యాపారం పెట్టుకున్నాడు. ఆయన ముందు సీట్లో కూర్చుని మైకులో మాట్లాడేవాడు, నేను నడిపేవాణ్ణి. నాతో హిందీలో మాట్లాడేవాడు, కోపం వస్తే అరబ్బీలోకి దిగేవాడు.

నాలుగేళ్ల తర్వాత ఆయన గొంతుకు ఆపరేషన్ జరిగింది. మాట గాలిలా తప్ప బయటికి రావడం లేదు. ఒక పొద్దున బండి నిండా జనాన్ని పెట్టుకుని మైకు నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వు మాట్లాడు."

"నాకేం వచ్చు?"

"నాలుగేళ్లుగా వింటున్నావు. చెవులు అమ్ముకున్నావా? యల్లా, కానివ్వు!"

ఆ రోజు సముద్రం ఒడ్డునున్న పాత కోట దగ్గర నేను చెప్పినదాంట్లో సగం తప్పు. పోర్చుగీసు వాళ్లకంటే ముందు ఎవరున్నారో తారుమారు చేశాను. దిగేటప్పుడు ఒక జర్మన్ ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపి, చాలా బాగా చెప్పావని మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను. అబూ ఖలీల్ మాత్రం ఊపిరంత గొంతుతో, "వాడికి తెలియదు కాబట్టి మెచ్చుకున్నాడు. నీకు తెలుసు కదా, సిగ్గుపడు" అన్నాడు. ఈ పనిలో మొదటి పాఠం అదే. మెచ్చుకునేవాళ్లకు మన తప్పు తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, వాడు స్టీరింగ్ వెనకాల ఉంటాడు.

ఏం చూపాలి, ఏం తినిపించాలి

ద్వీపం చిన్నది. కంగారుపడితే ఒక్క పూటలో అంతా తిప్పేయొచ్చు. అలా తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల బండి దిగినవాళ్లకు ఏసీ చల్లదనం తప్ప ఏమీ గుర్తుండదు.

కోటకు ఎండ ముదరకముందే వెళ్లాలి. అక్కడ రాళ్ల గురించి తక్కువ చెప్పి, సముద్రం వైపు నిలబెట్టాలి. ఒక ఊరి మీద ఒక ఊరు, దాని మీద ఇంకో ఊరు, అలా వేల ఏళ్లుగా జనం అదే దిబ్బ మీద బతికారన్న సంగతి కాళ్ల కింద ఉన్నప్పుడు చెబితేనే ఎక్కుతుంది. అక్కడి నుంచి ముహర్రక్ పాత సందుల్లోకి. ముత్యాల వ్యాపారుల ఇళ్లు, చెక్కిన తలుపులు. ఆకలి వేయనిచ్చి, తందూరు రొట్టెల కొట్టు దగ్గర ఆపాలి. పొయ్యిలోంచి తీసిన రొట్టె చేతిలో కాలుతుండగా తిన్నవాడు ఆ పూట పెద్ద హోటల్ గురించి అడగడు. బలాలీత్ అని ఒకటి ఉంటుంది. తీపి సేమియా మీద గుడ్డు అట్టు కప్పి ఇస్తారు. మన నోటికి మొదట వింతగా ఉంటుంది, రెండోసారి మనమే అడుగుతాం. రాగి గంగాళంలో కుంకుమపువ్వు వేసి హల్వా కలిపే చోట పది నిమిషాలు ఊరికే నిలబెట్టండి. చెప్పాల్సింది గరిటె చెబుతుంది.

మనామా బజారులో మాత్రం నడిపించాలి. ఒక సందులో మలయాళం, పక్క సందులో బెంగాలీ, బంగారం కొట్లలో గుజరాతీ, టీ దగ్గర ఫిలిప్పీన్స్ అమ్మాయిల నవ్వులు. అజాన్ వినపడే దూరంలోనే కృష్ణుడి గుడి. యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఆ సందుల్లో ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం అక్కడ ఒక సంగతి కొరుకుతూ ఉండేది. ఇన్ని భాషలవాళ్లూ ఒకరి పక్కన ఒకరు టీ తాగుతారు. ఎవరి ఫోన్లో వాళ్ల ఊరు ఉంటుంది.

దక్షిణాన ఎడారిలో ఒంటరి చెట్టు ఉంది, అందరూ దాని కోసమే అడుగుతారు. చూసి, "ఇంతేనా?" అంటారు. తప్పు చెట్టుది కాదు, తీసుకెళ్లినవాడిది. అవాలి అనే ఊరు దాటిన దగ్గర్నుంచి మైకు ఆపేయాలని అబూ ఖలీల్ నేర్పాడు. ఇసుక, చమురు గొట్టాలు, మళ్లీ ఇసుక. ఇరవై నిమిషాలు ఏమీ లేనితనం కళ్లకు పట్టాక, అప్పుడు ఆ పచ్చదనం కనబడాలి. అప్పుడు ఎవరూ ఇంతేనా అనరు.

మాటలు అలవాటైపోతాయి, అది ఈ పనిలో ఉన్న రోగం. నా భార్య సుజాతను ఒకసారి పది రోజుల వీసా మీద పిలిపించుకున్నాను. మనామాకు ఆనుకున్న జింజ్‌లో తెలిసినవాళ్ల ఫ్లాటు అడిగి తీసుకున్నాను. రోజూ బయటికి తీసుకెళ్లాను. నాలుగో రోజు కోట మీద నిలబడి చెబుతుంటే ఆమె నా భుజం తట్టింది.

"నువ్వు నాతోని మాట్లాడుతున్నవా, బస్సుల కూసున్నోళ్లతోని మాట్లాడుతున్నవా?"

నవ్వేశాను. కాని ఆమెతో వేరేగా మాట్లాడటం ఎలాగో ఆ పది రోజుల్లో గుర్తుకు రాలేదు. ఇప్పుడు ఇంటికి వచ్చేసి ఏడాది దాటింది. ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను.

పదమూడు మంది

చలికాలంలో పెద్ద ఓడలు వస్తాయి. ఒక ఓడ నుంచి పద్నాలుగు మందిని తీసుకుని ముహర్రక్ వెళ్లాను. సందుల్లో తిప్పి బండి ఎక్కించి, తలలు లెక్కపెట్టాను. పద్నాలుగు. బయల్దేరాను. వంతెన దాటాక వెనక నుంచి ఒకాయన, "నా పక్కన కూర్చున్న టీచరమ్మ ఏది?" అన్నాడు. ఓడ తరఫున వేరే బండిలో వచ్చిన ఉద్యోగి కాళ్లు నొప్పని మా బండి ఎక్కి ఖాళీ సీట్లో కూర్చున్నాడు. అతన్నీ కలిపి లెక్కపెట్టాను.

ఆమె కొలంబోలో పంతులమ్మగా చేసి రిటైరైన పెద్దావిడ. వెనక్కి తిరిగి వెళ్లి సందులన్నీ పరిగెత్తాను. చొక్కా వీపుకి అంటుకుపోయింది. చివరికి ఒక ఇంటి తలుపు తెరిచి ఉంటే తొంగిచూశాను. లోపల చాప మీద ముగ్గురు బహ్రెయినీ ఆడవాళ్ల మధ్య కూర్చుని బలాలీత్ తింటోంది. ఒకరి భాష ఒకరికి రాదు. అందరూ నవ్వుతున్నారు.

బండి దగ్గరికి నడుస్తూ ఆమె నన్ను ఇంగ్లీషులో అడిగింది, "పొద్దుటి నుంచి ప్రతి తలుపు గురించీ చెప్పావు. వీటిలో ఏ ఇంట్లోకైనా వెళ్లావా?"

అప్పటికి ఆ సందుల్లో తిరగడం మొదలుపెట్టి పన్నెండేళ్లు. ఒక్క గడప కూడా దాటలేదు. అదే చెప్పాను.

ఆమె నా మీద ఫిర్యాదు చేయలేదు. పైగా ప్రయాణం మొత్తంలో అదే మంచి గంట అని చెప్పింది. నేను బతికిపోయానని అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం అబూ ఖలీల్ నన్ను తన కారులో అవాలి అవతల ఎడారిలోకి తీసుకెళ్లి దింపాడు. "ఆమె అదృష్టం నీ మంచితనం కాదు. ఇక్కడ మరిచిపోయి ఉంటే?" అని, నా ఫోన్ తీసుకుని వెళ్లిపోయాడు. అరగంట తర్వాత నీళ్లు పట్టుకుని వచ్చాడు. ఆ అరగంటలో ఎటు చూసినా ఒకేలా ఉంది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అది క్రూరత్వమే అని ఇప్పటికీ అంటాను, ఆయన ముఖం మీదే అన్నాను కూడా. కాని ఆ తర్వాత ఎప్పుడూ తలలు లెక్కపెట్టలేదు, ముఖాలు లెక్కపెట్టాను.

నర్సన్న

ఇక అసలు రాయాల్సింది.

సల్మాబాద్ వైపు క్యాంపులో నేనుండే గదిలోనే కోరుట్ల దగ్గరి నర్సయ్య తొమ్మిదేళ్లు ఉన్నాడు. టైల్స్ మేస్త్రి. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద, నర్సన్న అనేవాణ్ణి. అబూ ఖలీల్ మైకు నా ఒళ్లో పెట్టాక నేను రోజూ సాయంత్రం డ్యూటీ దిగి గదిలో మాటలు బట్టీ పట్టేవాణ్ణి. మిగతావాళ్లు విసుక్కునేవాళ్లు. నర్సన్న మాత్రం కూరగాయలు తరుగుతూ వినేవాడు. ఇంగ్లీషు రాదు కాబట్టి, "తెలుగుల జెప్పు తమ్మీ" అనేవాడు. చెప్పేవాణ్ణి. ప్రశ్నలు అడిగేవాడు. "ఆ చెట్టుకు నీళ్లు ఎక్కడికెళ్లి అస్తయ్?" అని ఆయన అడిగిన తర్వాతే నేను ఆ సంగతి తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఎవరికీ సరిగ్గా తెలియదట.

ఒకసారి అడిగాడు, "నన్ను గూడ ఒక్కపాలి తీస్కపోరాదే."

"కంపెనీ బండి గదన్నా. చూద్దాం, అచ్చే శుక్రవారం."

అక్కడ వారానికి సెలవు శుక్రవారమే. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అడిగాడేమో. నేను రెండుసార్లూ అదే అన్నాను. ఆయన అడగడం మానేశాడు. నేను దాన్ని మరిచిపోయాను.

ఒక పొద్దున ఆయన డ్యూటీకి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. కాగితాలన్నీ అయ్యాక ఆయన సామాను ఒక అట్టపెట్టెలో సర్ది తాడు కట్టాను. ముహర్రక్‌లో విమానాశ్రయం దాకా నా బండిలోనే తీసుకెళ్లాను. పద్నాలుగు సీట్ల ఆ బండిలో నర్సన్నది ఎక్కింది ఆ పెట్టె ఒక్కటే.

లక్ష్మి వదినె వచ్చిన రోజు

నేను పని మానడానికి ఏడాది ముందు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నర్సన్న బిడ్డ. నర్సు ఉద్యోగం మీద బహ్రెయిన్ వచ్చి జింజ్‌లో ఉంటోంది. తల్లిని చూడటానికి పిలిపించుకుంది. "అమ్మ ఊరు చూస్తనంటున్నది అంకుల్. నాకు డ్యూటీ ఉన్నది. మీ బండిలనే పోతనంటది. నాన్న మీ పేరే చెప్పెటోడట" అంది.

పొద్దున్నే వెళ్లాను. లక్ష్మి వదినె జరీ అంచు చీర కట్టుకుని ఫ్లాటు కింద నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది.

"నువ్వేనా గంగాధర్? శుక్రవారం శుక్రవారం మా ఆయనను తిప్పినోనివి."

నేను తాళం చెవి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఏమీ అనలేదు. అనకపోవడమే అబద్ధం. అక్కడే మొదలైంది.

కోట దగ్గర, నేను నోరు తెరవకముందే ఆమె చెప్పింది, ఊరి మీద ఊరు, దాని మీద ఊరని. ముహర్రక్‌లో హల్వా గంగాళం చూసి, "కుంకుమపువ్వు ఏస్తరట గదా" అంది. అన్నీ నా మాటలే. నేను గదిలో మంచం మీద కూర్చుని బట్టీ పట్టిన మాటలు నర్సన్న ఫోన్లో ఆమెకు చేర్చాడు. మధ్యలో తనను పెట్టుకున్నాడు. "నేనూ గంగాధర్ పోయినం, గంత పెద్ద గంగాళం, మాకు చెరింత పెట్టిండ్రు" అని. ఆమె ప్రతి చోటా ఆగి, ఆయన నిలబడిన చోటేదో వెతుకుతున్నట్టు నేలను చూస్తోంది. నేను అలవాటైన మాటలు కూడా చెప్పలేకపోయాను. ఎండ ఎక్కుతోందని మాత్రం రెండుసార్లు అన్నాను.

అవాలి దాటాక మైకు లేదు, మాట లేదు. చెట్టు దగ్గర దింపాను. ఆమె కంచె దాకా నడిచి, ఒంగి కింద రాలిన రెమ్మ ఒకటి తీసుకుంది. ఆకును వేళ్ల మధ్య నలిపి చూసింది.

"గిది జమ్మి గదా?"

"అవును వదినె. ఆ జాతే."

ఆమె నా వైపు తిరిగింది. నవ్వు లేదు.

"ఈ చెట్టు గురించి ఆయన ఎన్నోమాట్ల చెప్పిండు. నీళ్లు ఎక్కడికెళ్లి అస్తయో ఎవ్వలికి తెల్వదన్నడు. ఏందో ఇంగిలీషు పేరు గూడ చెప్పిండు. జమ్మి అని మాత్రం ఎన్నడు అనలే. దసరానాడు జమ్మి చేతుల పెట్టంది బువ్వ ముట్టనోడు. జమ్మిని జూసి జమ్మి అని చెప్పకుంట ఉంటడా?"

నేను ఆ చెట్టును మొదటిసారి చూసిన రోజే జమ్మి అని గుర్తుపట్టాను. గదిలో నర్సన్నకు మాత్రం మైకులో చెప్పాల్సిన పేరే చెప్పాను. పరీక్షకు చదువుకున్నట్టు ఆ పేరే పదిసార్లు అప్పజెప్పాను.

"నిజం జెప్పు గంగాధర్. ఆయన ఈడికి అచ్చిండా?"

"రాలే వదినె."

"కోట కాడికి?"

"రాలే."

"హల్వా?"

"నేను తెచ్చిచ్చిన. దుకాణం చూడలే."

"మరి శుక్రవారం ఏం జేసెటోడు?"

"బట్టలు ఉతుక్కునెటోడు. వంట జేసెటోడు. నీకు ఫోన్ జేసెటోడు. ఆ తర్వాత మెట్ల మీద కూసునెటోడు."

"నువ్వు?"

"నేను బండి కడిగెటోన్ని."

"ఖాళీ బండా?"

"ఖాళీ బండే."

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండునని నాకనిపించింది. రెమ్మను కొంగుకు ముడివేసుకుని బండి వైపు నడిచింది. ఎక్కి కూర్చున్నాక, "ఆయన ఉన్న జాగకు తీస్కపో" అంది.

క్యాంపు గేటు దగ్గర వాచ్‌మన్ ఆడవాళ్లను లోపలికి పంపనన్నాడు. బయట మెట్ల మీద కూర్చోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు. ఆమె కూర్చుంది. ఎదురుగా ఇంకో క్యాంపు గోడ, దాని మీద ఆరేసిన డ్యూటీ బట్టలు, నీళ్ల ట్యాంకు. అంతే కనిపిస్తుంది అక్కడి నుంచి. చాలాసేపు అదే చూసింది. సెలవు రోజు కావడంతో మా పాత గదిలో ఇప్పుడుంటున్నవాళ్లు బయటికి వచ్చారు. వాళ్లలో నిర్మల్ వైపు మనిషి ఒకడున్నాడు. తెలుగావిడ వచ్చిందని లోపలికి వెళ్లి స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చిచ్చాడు.

ఆమె తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ అడిగింది, "ఎన్నేండ్లాయె బిడ్డా అచ్చి?"

"ఆరేండ్లు దాటిందమ్మా."

"ఈడి చెట్టు చూసినవా?"

"ఏం చెట్టమ్మా?"

ఆమె నా ముఖం వైపు ఒక్కసారి చూసింది. అంతే.

జింజ్‌లో బిడ్డ ఫ్లాటు కింద దింపినప్పుడు తలుపు పట్టుకుని నిలబడింది. "అచ్చే శుక్రవారం వాళ్లను తీస్కపో" అంది.

"తప్పకుంట తీస్కపోత వదినె. నువ్వు గూడ అస్తవా?"

"నేను రాను."

మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆమె ఇంటికి తిరిగి వెళ్లేలోపు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ బిడ్డే ఎత్తింది, అమ్మ పడుకుందని చెప్పింది.

ఆ వారం బండి అడగడానికి అబూ ఖలీల్ ఇంటికి వెళ్లాను. ఆయన అప్పటికి పెద్దగా బయటికి రావడం లేదు. జరిగింది చెప్పాను. తాళాలు నా దగ్గరే ఉన్నాయి కదా, అడగడమెందుకని చేత్తో సైగ చేశాడు. నేను లేచాక గాలి గొంతుతో అడిగాడు.

"తొమ్మిదేళ్లు నీ గదిలో ఉన్నాడన్నావు. ఒక్కసారైనా నన్ను అడిగావా?"

"లేదు."

"నేను కాదంటానని భయపడ్డావా?"

అవునని అంటే ఆయన నమ్మేవాడే. కాని ఆయన కాదంటాడని నేనెప్పుడూ అనుకోలేదు. ఆరు రోజులు ఊరంతటికీ చూపించి, ఏడో రోజు ఎవరికీ ఏమీ చూపించబుద్ధి కాలేదు. అందులోనూ, డబ్బిచ్చి అడగనివాడికి అసలే కాలేదు. ఈ ముక్క కూడా ఆయనకు చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, "ఖలాస్, వెళ్లు" అన్నాడు.

ఈ పనికి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతవరకే. మిగతాది మీ బండి మీకు నేర్పుతుంది.

శుక్రవారం పొద్దున క్యాంపుకు వెళ్లాను. నిర్మల్ మనిషికి నలుగురు చాలని చెప్పి ఉంచాను. గేటు బయట పంతొమ్మిది మంది ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, తలలు నున్నగా దువ్వుకుని, వరసగా నిలబడి ఉన్నారు. నాకు పద్నాలుగు సీట్లే ఉన్నాయి. బండి దిగి, ఒక్కొక్కరి ముఖం చూస్తూ చివరిదాకా నడిచాను. ఎవరిని ఆగమనాలో నోరు రాలేదు.

"రెండు ట్రిప్పులల్ల తీస్కపోత" అన్నాను. "అందరు అస్తరు."

ఒక్కరు కూడా నన్ను నమ్మలేదు. పంతొమ్మిది మందీ ఒకేసారి తలుపు దగ్గరికి తోసుకొచ్చారు.